మా అత్త చిల్లుల జగ్గు

కోవిల్పట్టి నుంచి ఫోను వచ్చేసరికి నేను విరుదునగరు స్కూల్లో బోర్డు మీద లెక్క చేస్తున్నాను. చేసింది అత్త ఎదురింటావిడ. "మీ అత్త పోయిందమ్మా. కాఫీ అడిగింది. నేను కలిపి తెచ్చేలోపల పోయింది." లెక్క సగంలో వదిలేసి బస్సెక్కాను. సాత్తూరు దాటేదాకా ఏడ్చాను. ఆ తర్వాత, చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, నాకు నవ్వొచ్చింది. పక్క సీట్లో ఆవిడ నన్ను ఒకలా చూసి కిటికీ వైపు తిరిగింది. ఏం చెయ్యను? పోయే ముందు ఏడాదంతా మా అత్తా నేనూ నవ్విన నవ్వు అలాంటిది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చే పనికి చేరి, చూపు మందగించేదాకా అదే పని చేసింది. మామ తొందరగా పోయాడు. పిల్లలు లేరు. నా సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిచాయి. గడప దాటితే అరవం, ఇంట్లో తెలుగు, అదీ మా తెలుగు. నేను చిత్తూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో తెలుగు చదవడం, రాయడం నేర్చుకుని, ఒకసారి ఆమెకు పత్రికలో కథ ఒకటి చదివి వినిపించాను. "ఇదేమి తెలుగే, రేడియోలో వార్తలు చెప్పినట్టుండాది. మనుషులు మాట్లాడేది చదువు" అంది. ఇది చదివి వినిపించినా అదే అనేది.

రెండు విషయాల్లో ఆమె దగ్గర బేరాల్లేవు. ఒకటి, ఎవరేం చెప్పినా ఊరికే నమ్మదు. "నాకు చెప్పద్దు, చూపించు" అనేది. పాలు చిక్కగా ఉన్నాయని పాలామె అంటే వేలు ముంచి చూసేది. ఎక్స్‌రే బాగుందని డాక్టరు అంటే కూడా ఇదే మాట. ఆయన పాపం ఆ ఫిల్మును ట్యూబులైటు కెదురుగా పట్టుకుని ఎముకలన్నీ చూపించేవాడు. రెండోది ఎంగిలి. గ్లాసు పెదవికి తగలకూడదు. తల వెనక్కి వంచి, లోటా జానెడు ఎత్తున పట్టుకుని, ధార తెగకుండా గొంతులో పోసుకునేది. ఒక్క చుక్క రవిక మీద పడేది కాదు. నేను సీసా మూతి నోట్లో పెట్టుకోవడం చూసిందంటే, "పాలు తాగే బిడ్డవా ఏమి? ఎత్తి తాగే" అని వీపు మీద ఒకటి వేసేది. నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా వేసింది.

ఈ రెండు పట్టింపుల మధ్యన ఆ జగ్గు ఇరుక్కుపోయింది.

అది దేవుడి గూట్లో మా అవ్వ ఫోటో పక్కన ఉండేది. అవ్వ అంటే అత్తకు తల్లి, నాకు నాయనమ్మ. జగ్గు మట్టిదే, పైన తేనె రంగు మెరుపు, పొట్ట మీద నీలి పూలు. అడుగున అరిగిపోయిన ముద్రలో ఇంగ్లండ్ అన్న మాట ఒక్కటే చదవగలం. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మెడ చుట్టూ ఆకుల ఆకారంలో చిల్లులు. ఇవతలి నుంచి చూస్తే అవతలి గోడ కనబడేది. నీళ్లు పోసి వంచితే మూతి దాకా రాకముందే మెడలోంచి కారి కాళ్లు తడిసేవి. మూతి అంచు మీద మూడు చిన్న ముక్కులు పొడుచుకుని ఉండేవి. పిడి లోపలి వైపున, చూపుకు అందని చోట, ఇంకో సన్నటి చిల్లు. తాగడానికి పనికిరాదు, పోయడానికి పనికిరాదు. శుక్రవారం నాడు అత్త అందులో కనకాంబరాలు పెట్టేది.

అవ్వ వయసులో ఉన్నప్పుడు ఒక మిల్లు ఇంజనీరు దొర బంగళాలో వంట చేసేది. ఆ దొర కుటుంబం దేశం వదిలి వెళ్లే రోజుకు అత్త కడుపులో ఉంది. దొరసాని అవ్వను వంటింట్లోంచి ముందు గదిలోకి పిలిచింది. ఈ జగ్గు నోటికి పెట్టుకుని నీళ్లు తాగింది. తాగి, నవ్వుతూ అవ్వ నోటి దగ్గరికి చాపింది. అవ్వ మొహం తిప్పేసుకుంది. బంగళాలో అవ్వ గ్లాసు వేరు, అది వెనక కిటికీలో బోర్లించి ఉండేది. వాళ్ల గిన్నెకు ఈమె నోరు తగలకూడదు, వాళ్ల ఎంగిలి ఈమె తాగదు. దొరసాని ఇంకోసారి చాపింది. ఆ ఒంపుకు మెడ చిల్లుల్లోంచి నీళ్లన్నీ అవ్వ చీర మీద పడ్డాయి. దొరసాని ఇంకా నవ్వింది. అవ్వకు కళ్లనీళ్లు తిరిగాయి. అది చూసి ఆమె నవ్వడం మానేసి, జగ్గును తన గౌను అంచుతోనే తుడిచి, అవ్వ చేతుల్లో పెట్టి బండెక్కింది. దొరసాని తాగినప్పుడు చుక్క కూడా కారలేదనీ, తన దగ్గరికి చాపినప్పుడే కారిందనీ అవ్వ పోయేదాకా చెప్పేది.

చుట్టాలంతా కలిసి దానికి ఒకే అర్థం తీశారు. అన్నేళ్లు చాకిరీ చేయించుకుని, పోతూ పోతూ ఓట్ట చెంబు చేతిలో పెట్టి ఎగతాళి చేసింది. ఓట్ట అంటే మా ఇళ్లల్లో చిల్లు. అత్త పెళ్లిలో కూడా ఎవరో "ఓట్ట చెంబు కూతురు" అన్నారట, ఆ మాట ఆమె మరిచిపోలేదు. అవ్వ మాత్రం జగ్గును పారెయ్యలేదు, ఎవరితోనూ వాదించలేదు. వారం వారం బూడిదా కొబ్బరి పీచూ పెట్టి తోమి ఎండలో ఆరబెట్టేది. అవ్వ పోయాక ఆ తోమడం అత్తకు వచ్చింది. దాంతో పాటు ఆ ప్రశ్న కూడా. "ఆ దొరసాని మా అమ్మను ఎగతాళి చేసిందా, లేదా? అంతే, అది ఒక్కటి తెలిస్తే చాలు నాకు" అనేది. చుట్టాలు చెప్పింది ఆమెకు చాలలేదు. ఎవరూ చూపించలేదు కదా.

ఒకసారి జగ్గును తువ్వాల్లో చుట్టి, వైరు బుట్టలో పెట్టుకుని విరుదునగరు వచ్చింది. బజారులో పాత సామాన్లు అమ్మే అంగడికి తీసుకెళ్లాను. అంగడాయన గోరుతో కొట్టి చూశాడు, ముద్ర చూశాడు, మూడు ముక్కులూ చూసి నవ్వాడు. ఇంగ్లండు సరుకే కానీ కాల్చేటప్పుడే చెడిపోయిందనీ, ఊదువత్తులు గుచ్చుకోవడానికైతే బాగుంటుందనీ అన్నాడు. "చెడిపోయినదానికి ఇంత ఒద్దికగా ఆకులు కోస్తారా? వంకరగా కోసిన ఆకు ఒకటి చూపించు" అంది అత్త. ఆయన చూపించలేకపోయాడు. ఆ కోపంలో ఆమె హోటల్లో నూనె పరోటా మామూలు కంటే ఎక్కువే తిన్నది. నేను ఫోనులో జగ్గు ఫోటో తీసి వెతికాను. ఒకసారి దీపం మూత అని చూపింది, ఒకసారి పూలకుండీ అంది, ఒకసారి పిచ్చుకల గూడు అంది. పిచ్చుకల గూడు అన్నందుకు ఆమె నా ఫోనును చాలా రోజులు తిట్టింది.

పోయిన ఏడు వానాకాలంలో ఒక పొద్దున ఫోను చేసింది.

"పాపా, బయలుదేరి రా. చీమల్ని చూపిస్తాను."

"చీమలా?"

"ఆమా, చీమలే. ఫోన్లో చెప్పేది కాదు. వచ్చి చూడు."

జ్వరం గిరం వచ్చి పలవరిస్తోందేమోనని భయపడుతూ వెళ్లాను. అత్త గుమ్మంలోనే ఉంది, కళ్లు మెరిసిపోతున్నాయి. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి గూటి ముందు కూర్చోబెట్టింది. ఎదురింటావిడ ఇచ్చిన కడలమిఠాయిని, అంటే పల్లీ చెక్కను, ఆ జగ్గులో దాచిందట, నీళ్లు కారితే కారనీ మిఠాయి కారదు కదా అని. వానలకు బెల్లం చెమ్మగిల్లి అడుక్కి దిగింది. చీమలు బారు కట్టాయి. పైన అన్ని చిల్లులుండగా, ఆ బారు మాత్రం పిడి కిందున్న సన్నటి చిల్లులోకి దూరుతోంది.

"ఈడ దూరుతుండాయి కదా? ఇప్పుడు ఈ ముక్కు చూడు" అంది.

చూశాను. మూతి అంచు మీద నడిమి ముక్కులోంచి ఒక చీమ తల బయటపెట్టింది. దాని వెనక ఇంకోటి. తర్వాత మరోటి, నోట్లో పల్లీ పొట్టుతో.

నేను ఎగిరి గంతేశాను. లెక్కల టీచరును, నలభై దాటినదాన్ని, నిజంగానే గంతేశాను. పిడి బోలు! అంచు బోలు! జగ్గు అడుగు నుంచి పిడిలోంచి మూతి ముక్కుల దాకా లోపల గొట్టం ఉందన్నమాట. చెడిపోయిన సరుకూ కాదు, ఊదువత్తుల స్టాండూ కాదు. తెలిసి చేసిన చెయ్యి ఒకటి దీన్ని చేసింది.

"నీళ్లు పోసి చూద్దాం అత్తా!"

"ఉండవే. వాటిని పోనీ, పావం." వాకిట్లో మిఠాయి ముక్క ఒకటి పెట్టి, చీమలన్నీ అటు మళ్లేదాకా కూర్చుంది. నాకు ప్రాణం ఆగడం లేదు. ఆమె మాత్రం ఒక్కో చీమనూ సాగనంపుతున్నట్టు చూస్తోంది.

కడిగి, మెడ చిల్లుల కింది దాకా నీళ్లు పోశాం. నేను పరుగున వెళ్లి కొబ్బరి బోండాల బండి దగ్గర ఒక స్ట్రా తెచ్చి ముక్కులో గుచ్చి పీల్చాను. గాలి తప్ప ఏమీ రాలేదు. స్ట్రా వదులుగా ఉంది. నోరు ఆనిస్తే కానీ కుదిరేలా లేదు. ఆ మాట పైకి అనడానికి నాకు ధైర్యం చాలలేదు. దేవుడి గూట్లో ఉన్న వస్తువు, పైగా దొరసాని ఎంగిలి చేసినది. అత్త ఎదురుగా ఉంది.

ఆమె అవ్వ ఫోటో వైపు చూసింది.

"ఆ దొరసాని నోరు పెట్టే తాగింది కదే. అమ్మ అదే కదా చెప్పింది."

"దొరలు ఏదైనా అట్లాగే తాగుతారు అత్తా."

"అందుకే ఎవురికీ తోచలే." ఫోటోకు దండం పెట్టింది. "అమ్మా, కోపం చేసుకోవద్దు" అని, తన బతుకులో మొదటిసారి, ఒక గిన్నెకు పెదవులు ఆనించింది.

గాలే వచ్చింది. మిగతా రెండు ముక్కుల్లోంచి గాలి వస్తోందని నాకు తట్టింది. "అవి రెండూ వేళ్లతో మూయి!" అని అరిచాను. మూసింది. మళ్లీ గాలే. నేను తల గోక్కుంటున్నాను. అత్త ఒక్కసారిగా, "చీమల చిల్లు! చీమల చిల్లే!" అని బొటనవేలిని పిడి కిందకు పోనిచ్చి అదిమి, బుగ్గలు లోపలికి పోయేలా పీల్చింది.

నీళ్లు వచ్చాయి! ఒక్క ఊపున నోరు నిండి, పొలమారి, ఆమె ముక్కులోంచి కూడా వచ్చాయి. దగ్గుతూ, కళ్లనీళ్లు కారుతూ, "వచ్చిందే, వచ్చిందే" అని నా భుజం మీద చరిచింది. మెడ చిల్లుల్లోంచి ఒక్క చుక్క కారలేదు. నేను లాక్కుని తాగబోతే ఇవ్వలేదు, ఇంకోసారి తానే తాగింది. ఎదురింటావిడ ఏం కొంప మునిగిందోనని పరిగెత్తుకొచ్చింది. ఎత్తి తాగడంలో ఆ వీధికే పేరుపడ్డ మనిషి జగ్గుకు నోరు పెట్టి ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

అప్పుడు నాకు ఫోనులో ఏమని వెతకాలో తెలిసింది. బోలు పిడి, చిల్లుల మెడ, తాగడంలో తిరకాసు అని వెతకగానే వరసగా దీని అక్కచెల్లెళ్లు బయటపడ్డాయి. ఇంగ్లండులో సారా అంగళ్లలో పెట్టేవాళ్లట. చుక్క ఒలకకుండా తాగమని పందెం. తెలియనివాడు చొక్కా తడుపుకుంటాడు, అందరూ నవ్వుతారు, ఆ తర్వాత కిటుకు తెలిసినవాడు తాగి చూపిస్తాడు. "సారా అంగడి చెంబా!" అని అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "శుక్రవారం శుక్రవారం దీనికి పూలు పెడితిమే! అమ్మకు కూడా తెలీక పాయె!" ఇక ఆమె నవ్వు ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఫోటోల్లో జగ్గుల పొట్ట మీద నల్లటి అక్షరాలున్నాయి. నన్ను ఒలకకుండా తాగు చూద్దాం అనే అర్థం వచ్చే మాటలు. మన జగ్గును కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే నీలి పూల కింద అక్షరాల నీడలు కనబడ్డాయి, ఒక తోక, ఒక సున్నా. అత్తకు చూపించాను. వేలితో తడిమి చూసి తల కొట్టుకుంది. "ఇంత పెద్దగా రాసి పెట్టుంటే మేమే తోమి తోమి చెరిపేసినామే. ఇద్దరాడోళ్ల శుభ్రం!"

నవ్వంతా అయిపోయాక జగ్గును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అంది, నాతో కాదు, ఫోటోతో: "అమ్మా, ఆమె నిన్ను ఎగతాళి చెయ్యలే. ఆటకు పిలిచింది. ఊరికి పోయేటప్పుడు నీతో ఒక్క ఆట ఆడాలనుకునింది. నీకు అరవం, తెలుగు. ఆమెకు ఇంగ్లీసు. చెప్పలేక చూపించింది." అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంత సంతోషంగా ఏడ్చినట్టు నాకు ఇంకోసారి గుర్తులేదు. ఎదురింటావిడ ఏమీ అర్థంకాకుండానే మాతో కలిసి ఏడ్చింది.

ఆ తర్వాత మా అత్తను పట్టడం కష్టమైంది. ఇంటికి ఎవరొచ్చినా జగ్గులో నీళ్లు పోసి, "దాహంగా ఉండారే, తాగండి" అని చేతికిచ్చేది. గ్యాసు సిలిండరు తెచ్చినాయన తడిశాడు. రేషను కార్డు విచారించడానికి వచ్చిన అమ్మాయి తడిసింది. "ఓట్ట చెంబు కూతురు" అన్న వైపు చుట్టాలను పనిగట్టుకుని భోజనానికి పిలిచి, ఒక్కొక్కరినీ తడిపింది. తర్వాత తాను తాగి చూపించేది. బొటనవేలి సంగతి మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ప్రతిసారీ తాగాక ఆ ముక్కును తువ్వాలుతో తుడిచేది. ఆ మట్టుకు పాత అత్తే. జగ్గును మ్యూజియంకి ఇస్తే ఎలా ఉంటుందని నేనొకసారి అడిగాను. "గాజుపెట్టెలో పెడితే ఎవుర్ని తడుపుతుంది?" అంది.

ఈ ఎండాకాలం ఆమెకు నీరసం కమ్మింది. తల వెనక్కి వంచితే కళ్లు తిరుగుతున్నాయి, లోటా ఎత్తితే చెయ్యి వణుకుతోంది. ఎత్తి తాగడం ఇక కుదరలేదు. చెంచాతో నోట్లో పోస్తే పసిబిడ్డనా అని తిట్టేది. ఒకరోజు గూటి వైపు చూపించి, "ఆ చెంబు తీయే" అంది. జగ్గును ఆమె పక్కన పరుపు మీద పెట్టి పట్టుకున్నాను. దిండు మీద తల పక్కకు తిప్పి, జగ్గు ముక్కు నోట పెట్టుకుని, హాయిగా తాగింది. పక్క తడవలేదు. సారా అంగడి చెంబు మంచం పట్టిన మా అత్తకు అంత చక్కగా ఉపయోగపడింది. వెళ్లిన ప్రతి ఆదివారం అలాగే తాగించాను. మిగతా రెండు ముక్కుల మీదా, పిడి కింది చిల్లు మీదా నా వేళ్లు ఉండేవి.

చివరిసారి వెళ్లింది ఆ ఫోను రావడానికి ముందు ఆదివారం. మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆమె తాగింది. ఎప్పటిలా తువ్వాలు అందించాను, జగ్గు ముక్కు తుడవడానికి. తీసుకోలేదు. నా వేళ్లను పక్కకు తోసి తన బొటనవేలు పిడి కింద పెట్టుకుంది. మిగతా రెండు ముక్కులూ తన వేళ్లతోనే మూసింది. తన నోట్లోంచి తీసిన తడి ముక్కును నా వైపు తిప్పి, ముందుకు చాపింది.

"తాగే" అంది.

గూట్లోంచి అవ్వ చూస్తోంది. నేను మొహం తిప్పుకోలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ ముక్కుకే నోరు ఆనించి పీల్చాను. నీళ్లు చల్లగా, కొంచెం మట్టివాసనతో, కొంచెం బెల్లం తీపితో వచ్చాయి. తాగుతూ ఆమె కళ్లలోకి చూశాను. ఆ కళ్లలో ఏదో కొంటెతనం కదిలింది. పిడి కింద బొటనవేలు మెల్లగా పక్కకు జరిగింది. నా నోట్లో గుడగుడమని గాలి నిండింది, అత్త పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.